మీటియరా, ఆర్15ఆ?
తమ్మీ, ఎత్తు తక్కువ, డ్రైవింగ్ కొత్త, రోజూ హన్మకొండ నుంచి కాజీపేటకు పోవాలి, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 బైక్ మంచిదా, యమహా ఆర్15 స్పోర్ట్స్ బైక్ మంచిదా అని అడిగావు కదా. ఆర్15 ఇప్పుడే వద్దు. సీటు ఎత్తు 815 మి.మీ., హ్యాండిల్ కిందికి ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఒంటి బరువు మణికట్ల మీదే పడుతుంది. హ్యాండిల్ కూడా తక్కువే తిరుగుతుంది, ఇరుకు సందులో యూటర్న్ అంటే టెన్షనే.

మీటియర్ సీటు 765 మి.మీ., కాళ్లు బాగానే ఆనతాయి. కానీ బరువు 191 కిలోలు. నడిపేటప్పుడు అంతగా తెలియదు, పార్కింగ్‌లో వెనక్కి నెట్టేటప్పుడు తెలుస్తుంది. కాళ్లు ముందుకు పెట్టి కూర్చుంటాం కాబట్టి గుంత తగిలితే దెబ్బ నడుముకే.

నీ పనికి 125 సీసీ కమ్యూటరే, అంటే రోజూ తిరగడానికి వాడే మామూలు బైకే నయం. మీటియరే కావాలంటే టెస్ట్ రైడ్ ఖాళీ రోడ్డు మీద వద్దు, సాయంత్రం హన్మకొండ చౌరస్తా వైపు తీసుకుపో. ఇంజన్ ఆపి ఒకసారి వెనక్కి నెట్టి చూడు.