లిఫ్టు పక్కన బోర్డు

చి. అమ్ములుకి,

మామయ్య ఆశీస్సులు. నేను మద్రాసు వదిలి బెంగళూరు వచ్చేశాక, మన లిఫ్టు పక్కన ‘చరిత్రలో ఈ రోజు’ రాసే ఆ బోర్డు నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆగస్టు 29న నువ్వు రాసిన దాని ఫోటో కూడా పంపింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కానీ ఫోటో పెద్దది చేసుకుని లెక్కపెడితే పదకొండు లైన్లు తేలాయి! లిఫ్టు వచ్చేలోపు అన్నీ ఎవరు చదువుతారే?

పదహారేళ్లు ఆ బోర్డు రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. పై అంతస్తు నుంచి లిఫ్టు కిందికి దిగడానికి ఎంతసేపు పడుతుందో, జనం మనకిచ్చే టైమూ అంతే. మూడు లైన్లు రాయి. మరీ మనసు ఒప్పకపోతే నాలుగు.

ఆ రోజునే చూద్దాం. మైకేల్ జాక్సన్ (1958), నాగార్జున (1959), ధ్యాన్‌చంద్ (1905), కత్రినా తుఫాను (2005), అన్నీ ఆ తేదీవే, అన్నీ నిజమే. గిడుగు రామమూర్తి పంతులు గారిని మాత్రం అట్టడుగున, చాక్‌పీసు అరిగిపోయిన చోట ఇరికించావు. ఆయన 1863లో ఆ రోజు పుట్టారు కాబట్టే కదా మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నది! పైగా ‘జన్మించియున్నారు’ అని రాశావు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రావాలని జీవితమంతా పోట్లాడిన మనిషి పేరు పక్కన ఆ మాటేమిటే తల్లీ? ‘పుట్టారు’ చాలు. ఆయన సవర గిరిజనుల మధ్య తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ ముక్క రాస్తే చదివినవాళ్లు లిఫ్టెక్కాక కూడా తలుచుకుంటారు. ‘ప్రముఖ భాషావేత్త’ అంటే ఎవరికీ ఏమీ గుర్తుండదు. అసలు ‘ప్రముఖ’ అనే మాటనే బోర్డు మీదికి రానివ్వకు.

నువ్వు వదిలేసింది ఒకటుంది. 1831లో అదే రోజున ఫారడే ఒక ఇనుప రింగుకు రెండు వైపులా తీగ చుట్టాడు. ఒక వైపు బ్యాటరీ కలిపినప్పుడూ తీసినప్పుడూ రెండో వైపు పెట్టిన అయస్కాంతపు సూది చటుక్కున కదిలింది. మన వీధి మలుపులో గుయ్యిమంటుందే, ఆ ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది ఆ సూత్రం మీదే. నేనైతే గిడుగు, ధ్యాన్‌చంద్, ఫారడే ముగ్గురితో ఆపేసేవాణ్ణి. నాగార్జున మద్రాసులోనే పుట్టాడు కాబట్టి మూడో అంతస్తు పిల్లల కోసం నాలుగో లైను ఆయనకిచ్చినా తప్పులేదు.

ఇక తేదీ నిజమా కాదా చూసుకోవడం. నా పరువు పోయింది ఇక్కడే. ఒక ఏప్రిల్ 23న ‘షేక్‌స్పియర్, సెర్వాంటెస్ 1616లో ఒకే రోజు కన్నుమూశారు’ అని గొప్పగా రాశాను. సాయంత్రానికి రెండో అంతస్తు రిటైర్డ్ మాస్టారు తలుపు తట్టారు. అప్పటికి సెర్వాంటెస్ ఉన్న స్పెయిన్ కొత్త క్యాలెండర్‌కి మారింది, షేక్‌స్పియర్ ఉన్న ఇంగ్లాండు మారలేదు. రెండింటికీ పది రోజుల తేడా. ఇంగ్లాండులో 23 అంటే స్పెయిన్‌లో మే 3. దానికి తోడు సెర్వాంటెస్ పోయింది 22న, 23 ఖననం చేసిన తేదీ అట. మాస్టారి ముందే తడిగుడ్డ పెట్టి తుడిచాను. ఇంగ్లాండు 1752లో గాని మారలేదు. అందుకని అంతకు ముందు నాటి అక్కడి తేదీ ఏది కనబడినా ఒక్క క్షణం ఆగు. గంటలతోనూ ఇదే పేచీ. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టింది అమెరికాలో 1969 జులై 20 రాత్రి. మనకప్పటికే 21 తెల్లారి ఎనిమిదిన్నర కావస్తోంది.

మన తిథుల సంగతి నీకు తెలిసిందే. త్యాగరాజ స్వామి 1847 జనవరి 6న సిద్ధి పొందారు. తిరువైయారులో ఆరాధన మాత్రం పుష్య బహుళ పంచమికి, అంటే ఏటా వేరే తేదీకి వస్తుంది. నేను రెండు రోజులూ రాసేవాణ్ణి. జనవరి 6న కపిల్‌దేవ్ (1959), రెహమాన్ (1967) కూడా ఉన్నారు కాబట్టి ఆ రోజు బోర్డుకి కరువుండదు.

పుట్టినరోజుల్లో జులై 1తో కాస్త జాగ్రత్త. మా కాలంలో బడిలో వేసేటప్పుడు పంతులు గారు చాలామందికి ఆ తేదీయే రాసేశారు. నాదీ అంతే, మా అమ్మ లెక్కలో నేను కార్తీక మాసంలో పుట్టాను. డాక్టర్ బి.సి. రాయ్ మాత్రం నిజంగానే 1882లో ఆ రోజు పుట్టి, 1962లో ఆ రోజే పోయారు. డాక్టర్స్ డే అందుకే.

ఆగస్టు 22 వస్తే ఎటూ మద్రాస్ డే అంటారు, 2004 నుంచి జరుపుతున్నారు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి ఈ ఇసుక నేల ఇచ్చిన రోజు. పత్రంలో జులై 22 అని ఉందనీ, కంపెనీ తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ డే అనే ఆయన ఇక్కడికి చేరిందే జులై చివర్లో కాబట్టి అది కుదరదనీ వాదన ఉంది. అందుకని నేను ‘ఆగస్టు 22గా జరుపుకుంటున్నాం’ అనే రాసేవాణ్ణి. ఆ నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయింది. మన తెలుగువాళ్ల పేరు ఊరి పేరులో ఉందని రాయడం నాకు ఏటా సరదా. అయితే అరవం వాళ్లు కూడా చదివే గోడ అది, అక్కడితో ఆపెయ్.

ఆ మాటే డిసెంబర్ 15కీ చెబుతాను. పొట్టి శ్రీరాములు గారు 1952లో ఆ రాత్రి మైలాపూర్లో, బులుసు సాంబమూర్తి గారింట్లో ప్రాణం విడిచారు. ఎన్ని రోజుల దీక్ష అంటే ఒకచోట 56, ఒకచోట 58 అని కనిపిస్తుంది. నువ్వే వేళ్ల మీద లెక్కపెట్టు. మొదలైంది అక్టోబర్ 19న. ఆ నెలలో 13, నవంబర్ 30, డిసెంబర్ 15. మొత్తం 58. నాలుగు రోజులకు, 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. అదే డిసెంబర్ 15న, 1933లో, బాపు పుట్టారు. ముందు శ్రీరాములు గారి గురించి రాసి, కాస్త ఖాళీ వదిలి, కింద బాపు గారిని రాయి.

ఆ ఖాళీ విలువ నాకు మన వాచ్‌మన్ వల్ల తెలిసింది. మొదటి ఏడాది డిసెంబర్ 26న రంగు చాక్‌పీసుతో పైన పువ్వు వేసి, క్రికెట్ సంగతేదో రాసి, కింద ‘2004 – సునామీ’ అన్నాను. అతనిది నాగపట్నం. తెలుగు చదవడం రాదు గానీ అంకెలు వస్తాయి. 2004 చూశాడు, పువ్వు చూశాడు, ఏమీ అనకుండా గేటు దగ్గరికి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది నుంచి ఆ రోజు తెల్ల చాక్‌పీసు, ఒకటే లైను.

నా నోట్‌బుక్ మీటర్ల గదిలో పాత రేకు పెట్టెలో ఉంది, అడిగి తీసుకో. అది 365 పేజీల డైరీ, లీపు సంవత్సరానిది కాదు. ఫిబ్రవరి 29 కోసం పాలవాడి బిల్లు వెనక రాసి అతికించాను. కళాక్షేత్ర రుక్మిణీదేవి (1904), మొరార్జీ దేశాయ్ (1896) ఇద్దరూ ఆ చీటీలోనే ఉన్నారు. అంచు ఊడిపోతోంది, కాస్త గోందు రాయి.

మీ
పెద్ద మామయ్య