డిమాండ్ నోటీసు మీద స్టే వస్తుందా?

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మాకు ఫ్యాబ్రికేషన్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. స్టీలు ప్లేట్లు సరఫరా చేసినవాళ్లు దివాలా చట్టం కింద బాకీ కట్టమని ఫారం 3 డిమాండ్ నోటీసు పంపారు. వడ్డీ 19 లక్షలతో కలిపి మొత్తం 1.62 కోట్లు కట్టాలట. అందులో 46 లక్షల సరుకు పొరలు విడిపోయి పనికిరాలేదని అప్పట్లోనే మెయిల్ పెట్టాం. ఈ నోటీసు మీద విశాఖ కోర్టులో స్టే తెచ్చుకోవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: రాదు. నోటీసును కొట్టేయమని అడిగే దారి ఈ చట్టంలో లేదు. ఇలాంటి విషయాల్లో సివిల్ కోర్టు ఇంజంక్షన్ ఇవ్వకూడదని 231వ సెక్షన్ చెబుతోంది. ఈ దశలో మీ పోరాటమంతా మీరిచ్చే జవాబులోనే. నోటీసు అందిన 10 రోజుల్లో వివాదం ఉందని 8(2) సెక్షన్ కింద రాతపూర్వకంగా తెలపాలి. అవతలివాళ్లు ఆ తర్వాత మీ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలుపెట్టమని 9వ సెక్షన్ పిటిషన్ వేస్తే అది కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచ్‌కు వెళ్తుంది.

రోజులు లెక్కపెట్టేది నోటీసు అందిన తేదీ నుంచి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రిజిస్టర్డ్ ఆఫీసుగా పాత ఇంటి అడ్రసే ఉంటుంది, స్పీడ్ పోస్టు అక్కడ ఎవరో తీసుకుంటారు. హోల్‌టైమ్ డైరెక్టర్‌కు మెయిల్‌లో పంపినా చెల్లుతుంది. గడువు దాటినంత మాత్రాన దారి మూసుకుపోదు, పిటిషన్‌కు కౌంటర్‌లోనూ వివాదం చూపించవచ్చు. కానీ అప్పటికి అది కట్టుకథలా కనిపిస్తుంది.

వివాదం నోటీసుకు ముందే పుట్టి ఉండాలి. 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, ట్రిబ్యునల్ మీరు గెలుస్తారా లేదా అని చూడదు, వాదన ఊహల మీద కాక విచారించదగ్గదిగా ఉందా అన్నదే చూస్తుంది. కాబట్టి ఆ మెయిల్, ల్యాబ్ టెస్ట్ రిపోర్టు, వెనక్కి పంపిన సరుకు చలాన్లు, డెబిట్ నోట్ తేదీల వారీగా జత చేయండి. వాట్సాప్ సందేశాలు ఉంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువీకరణ) దాఖలు చేయాల్సి వస్తుంది, ఆ ఫోన్ మార్చేయకండి.

మీ ఫైల్లోనే మీకు శత్రువులుంటారు. ఆ 46 లక్షల బిల్లులకు జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నుకు వచ్చే తగ్గింపు) వాడుకుని, దాన్ని రివర్స్ చేయలేదా? ఆ తర్వాత బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ (ఇంత బాకీ ఉన్నామని ఒప్పుకునే కాగితం) మీద మీ అకౌంటెంట్ సంతకం పెట్టాడా? ఇలాంటి కాగితం ఒక్కటున్నా మీ మెయిల్ బలం సగం పోతుంది. జవాబు రాసే ముందే లెడ్జర్ చూసుకోండి.

ఇక లెక్క. 2020 మార్చి 24 నుంచి ఈ చట్టం కిందికి రావాలంటే బాకీ కనీసం కోటి ఉండాలి. మీ అసలు 1.43 కోట్లు, అందులో 46 లక్షలు వివాదం, మిగిలింది 97 లక్షలు. అంటే వడ్డీ నిలబడితేనే కోటి దాటుతుంది. పర్చేజ్ ఆర్డర్‌లో వడ్డీ షరతు లేకపోతే గట్టిగా అభ్యంతరం చెప్పండి. ఇన్‌వాయిస్ అడుగున అచ్చేసిన 24 శాతాన్నే ఒప్పందమని వాళ్లు చూపించబోతారు.

ఒప్పుకున్న బాకీలో కొంతైనా పిటిషన్ పడకముందే ఆర్‌టీజీఎస్‌లో కట్టగలిగితే మంచిది. ఏ ఇన్‌వాయిస్‌కు ఎంతో లెటర్‌లో రాయండి. లేకపోతే కాంట్రాక్ట్ చట్టం 60వ సెక్షన్ ప్రకారం వాళ్లకు నచ్చిన బాకీలో జమ చేసుకుంటారు.

లాయరు పంపిన నోటీసు చెల్లదన్న వాదనతో కాలం వృథా చేయకండి, 2017లోనే సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. కట్టాల్సిన తేదీ దాటి మూడేళ్లయి కాలపరిమితి తీరిపోయిన బిల్లులు ఏమైనా కలిపారేమో మాత్రం వెతకండి. అయితే పైన చెప్పిన బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ ఆ మూడేళ్లలోపు ఇచ్చి ఉంటే లెక్క మళ్లీ ఆ తేదీ నుంచి మొదలవుతుంది.

పిటిషన్ అడ్మిట్ అయితే బోర్డు అధికారాలు ఆగిపోయి, కంపెనీ దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి వెళ్తుంది. దాని మీద అప్పీళ్లు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ చెన్నై బెంచ్‌లో అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 15. ఆ పైన ఒక్కరోజు కూడా ఇవ్వరు.