తుంటి మార్పిడి అయి ఏడాదిన్నర దాటినా నొప్పి పోలేదంటే ముందు ఏం చూడాలి?

మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మగారికి 61 ఏళ్లు, ఎడమ తుంటి మార్చి ఏడాదిన్నర, సిమెంటు వాడని రకం. ఎక్స్‌రే చూసి అంతా బాగుందన్నారు. అయినా ఆ పక్కకి ఒత్తిగిలి పడుకోలేకపోతున్నారు, మెట్లెక్కితే నొప్పి, రోజూ డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర. ఇది మామూలేనా, ఇలాగే ఓర్చుకోవాలా అని అడిగారు.

ఓర్చుకోనక్కర్లేదండి. అలాగని ఆపరేషన్ చెడిపోయిందని బెంగపడనూ వద్దు. తుంటి మార్పిడి తర్వాత చాలాకాలం నొప్పి మిగిలేవాళ్లు అధ్యయనాన్ని బట్టి నూటికి 7 నుంచి 23 మంది దాకా తేలారు. అందరిలోనూ కారణం ఒకటే కాదు, అందుకే ఒకరికి పనిచేసిన మందు ఇంకొకరికి పనిచేయదు. ఎక్స్‌రేలో కనబడేది ఎముకా లోహమూ మాత్రమే. కండరం, దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు, నరం, తొలిదశలో ఉన్న ఇన్ఫెక్షన్ అందులో కనబడవు.

కాబట్టి నొప్పి ఎక్కడో ముందు తేల్చండి. "తుంటి నొప్పి" అని చెబితే డాక్టరుకి ఏమీ అర్థం కాదు. అమ్మగారిని నిలబెట్టి, ఒక్క వేలితో చూపించమనండి. గజ్జలో చూపిస్తే కప్పు (తుంటి గుంటలో అమర్చిన గిన్నె లాంటి భాగం) వదులవడం, లేదా కప్పు ముందు అంచు కాలు ఎత్తే సోయాస్ అనే కండరం తాడుకి రాసుకోవడం. ఈ రెండోదానికి గుర్తు తేలిక: ఆటోలోకి ఎక్కేటప్పుడు కాలు ఎత్తి లోపల పెట్టాలన్నా, మంచం మీదికి కాలు చేర్చాలన్నా చేత్తో పట్టుకుని ఎత్తుకుంటారు. తొడ మధ్యలో ముందువైపు చూపిస్తే తొడ ఎముకలో దిగిన రాడ్డు కొన దగ్గర ఒత్తిడి. సిమెంటు లేని రకాల్లో ఇది మొదటి ఏడాది రెండేళ్లలో ఉండి, చాలామందిలో నెమ్మదిగా తగ్గుతుంది. పిర్రలో మొదలై మోకాలు దాటి కిందికి పాకితే నడుం వెన్నుపూస వైపు చూడాలి. తుంటిలో లోహం ఉంది కాబట్టి ఎంఆర్ఐ తీయకూడదని కొందరు చెప్పి పంపించేస్తారు. ఇప్పటి తుంటి ఇంప్లాంట్లు ఉన్నవాళ్లకి నడుం ఎంఆర్ఐ మామూలుగా తీస్తూనే ఉన్నారు, ఇంప్లాంటు వివరాలు ముందే స్కానింగ్ వాళ్లకి చూపిస్తే చాలు. ఇక పక్కన, చెయ్యి వేలాడేసినప్పుడు అరచేతికి తగిలే ఎముక మీద చూపిస్తే అది పిర్ర కండరాల స్నాయువు నొప్పి. మీ వర్ణన దీనికే దగ్గరగా ఉంది.

రెండో ప్రశ్న, ఎప్పుడు. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు హాయిగా ఉండి మళ్లీ మొదలైందా, లేక ఒక్కరోజూ విడవలేదా? హాయిగా ఉండి తిరిగొస్తే వదులవడం, అరుగుదల, లేదా పుండు, పన్ను, మూత్రం లాంటి చోటు నుంచి రక్తంలో వచ్చిన ఇన్ఫెక్షన్ గురించి ఆలోచించాలి. ఒక్కరోజూ విడవకపోతే ఎముక లోహానికి పట్టుకోకపోవడం, మొదటి నుంచీ ఉన్న ఇన్ఫెక్షన్, లేదా అసలు నొప్పి మొదటి నుంచీ నడుందే అయి ఉండటం. కూర్చుని లేచాక మొదటి నాలుగైదు అడుగులు బాగా నొప్పిగా ఉండి, నడిచేకొద్దీ తగ్గితే రాడ్డు కదులుతోందేమోనని చూడాలి. కదలకుండా పడుకున్నా, అర్ధరాత్రి కూడా ఒకేలా సలుపుతుంటే ఇన్ఫెక్షన్ సంగతి తేల్చకుండా ఏ వ్యాయామమూ మొదలుపెట్టకండి.

ఆ తేల్చడం ఇలా. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు పెరిగే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రెండు రక్తపరీక్షలు చేయించండి. ఆపరేషన్ వల్ల పెరిగిన సీఆర్‌పీ కొన్ని వారాల్లోనే దిగిపోతుంది. ఏడాదిన్నర తర్వాత కూడా ఎక్కువగా ఉంటే, వేరే జబ్బేదీ కారణం కాకపోతే, కీలులోంచి సూదితో నీరు తీసి కల్చర్‌కి, అంటే అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి పంపాలి. కొన్ని క్రిములు చాలా నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి కల్చర్‌ను 14 రోజులు ఉంచమని అడగండి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. నొప్పి అనగానే ఐదు రోజుల యాంటీబయాటిక్ రాసేస్తారు, లేదా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటారు. దాంతో క్రిమి చావదు, కల్చర్‌లో మాత్రం కనబడకుండా పోతుంది, రోగం నెలల తరబడి లోపల దాగి ఉంటుంది. జ్వరంతో బాగా నలిగిపోయి ఉంటే తప్ప, నీరు తీసేదాకా యాంటీబయాటిక్ వద్దు. ఇప్పటికే వాడుతుంటే ఆపి కనీసం రెండు వారాలయ్యాకే నీరు తీయిస్తారు. మార్చిన కీలులోకి స్టెరాయిడ్ సూది వేస్తామంటే కూడా ఒప్పుకోకండి.

ఎక్స్‌రే గురించి ఒక మాట. ఒక్క ఎక్స్‌రే చూసి అంతా తేల్చలేం. ఆపరేషన్ అయిన వెంటనే తీసిన ఫిల్ము పక్కన పెట్టి, రాడ్డు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగింది, కప్పు కోణం మారిందా, లోహం చుట్టూ నల్లటి గీత వెడల్పవుతోందా అని పోల్చాలి. ఆ పాత ఫిల్ము మీ ఇంట్లో ఉంటే అదే బంగారం.

ఇవన్నీ బాగున్నాయని తేలి, నొప్పి పక్క ఎముక మీదే ఉంటే ఇక పని మీ చేతిలోనే ఉంది. వంటింటి గట్టు దగ్గర అమ్మగారిని నిలబెట్టి, రెండు వేళ్లు గట్టుకి ఆనించి, ఎడమ కాలి మీద మాత్రమే 30 సెకన్లు నిలబడమనండి. మీరు వెనక నుంచి చూడండి. కుడి పక్క నడుం కిందికి జారితే కండరం బలహీనం. జారకపోయినా 30 సెకన్ల లోపే అదే ఎముక మీద నొప్పి మొదలైతే స్నాయువు నొప్పి. ఆపరేషన్ పక్క నుంచి కండరాన్ని విడదీసి చేసినవాళ్లలో, తిరిగి కుట్టిన చోట ఊడిపోతే కుంటు ఎంత వ్యాయామం చేసినా పోదు. మూడు నెలల తర్వాత కూడా అలాగే ఉంటే అల్ట్రాసౌండ్ అడగండి.

వ్యాయామం తేలిక దానితో మొదలవ్వాలి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు కొద్దిగా వంచి కింద దిండు పెట్టి, మోకాళ్ల పైన తువ్వాలు చుట్టి కట్టాలి. ఆ తువ్వాలుని తొడలతో బయటికి నెట్టాలి, పూర్తి బలంతో కాదు, మూడో వంతు బలంతో. 30 నుంచి 45 సెకన్లు నెట్టి, నిమిషం విశ్రాంతి, ఇలా ఐదుసార్లు, రోజుకి రెండు పూటలు. రెండు వారాలయ్యాక నడుం పైకెత్తే వ్యాయామం: వెల్లకిలా, పాదాలు ఆనించి, పిర్రలు బిగించి పైకి, మూడు సెకన్లు ఆపి కిందికి, పదేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. తర్వాత గోడ పట్టుకుని ఎడమ కాలి మీద బరువు పెట్టి కుడి కాలిని పక్కకి చాపడం. చివరికి మెట్ల వరసలో అట్టడుగు మెట్టు ఎక్కి దిగడం. పీట మీద ఎక్కించవద్దు, తిరగబడుతుంది.

కొలత ఒకటే. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున్నకి ముందున్న స్థాయికి రావాలి. రాకపోతే సగానికి తగ్గించండి, పూర్తిగా మానకండి. స్నాయువు కోలుకోవడానికి 12 వారాలు పడుతుంది, మూడో వారంలో తేడా లేదని వదిలేసేవాళ్లే ఎక్కువ. కాలు మీద కాలు వేసి లాగే సాగదీతలు, ఒక కాలి మీదే బరువు వాల్చి నిలబడటం ఈ నొప్పిని పెంచుతాయి. కుడి పక్కకి పడుకుంటే మోకాళ్ల మధ్య నుంచి మడమల దాకా పొడవాటి దిండు ఉండాలి, లేకపోతే పై కాలు కిందికి జారి రాత్రంతా స్నాయువును లాగుతూనే ఉంటుంది.

చేతికర్ర విషయంలో దాదాపు అందరూ తప్పు చేస్తారు. నొప్పి ఎడమ తుంటిలో కదా అని ఎడమ చేత్తో పట్టుకుంటారు. కుడి చేత్తోనే పట్టాలి, అప్పుడే ఎడమ పిర్ర కండరం మీద భారం తగ్గుతుంది. చెప్పులేసుకుని నిలబడి చెయ్యి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, ఆపరేషన్ కాలు.

కాలు పొడవు తేడాగా ఉందని అనిపిస్తే మంచం మీద టేపుతో కొలవకండి. నిలబెట్టి, పొట్టిగా అనిపించే పాదం కింద నోటుపుస్తకాలు ఒక్కొక్కటి పెట్టండి. "ఇప్పుడు సమంగా ఉంది" అన్నప్పుడు ఆ ఎత్తు కొలవండి. సెంటీమీటరు లోపు చాలామంది సర్దుకుంటారు. ఎక్కువైతే తేడాలో సగం మందం ఉన్న మడమ ప్యాడ్‌తో మొదలుపెట్టాలి. మన ఇళ్లలో చెప్పులు బయట విడిచేస్తాం కాబట్టి, బూటులో పెట్టిన ప్యాడ్ రోజులో గంటే పనిచేస్తుంది. ఇంట్లో వేసుకోవడానికి విడిగా ఒక జత చెప్పులకి అదే ఎత్తు పెట్టించండి.

తొడ బయటివైపు మంట, చీమలు పాకినట్టు ఉండటం, చీర తగిలినా చురుక్కుమనడం ఉంటే అది నరం నొప్పి. అక్కడి చర్మపు నరం నడుం ముందు ఎముక పక్క నుంచే దిగుతుంది, లంగా బొందు బిగించి కట్టే చోటే. బొందు ఇంకాస్త పైకి, వదులుగా కట్టి రెండు వారాలు చూడండి. తిమ్మిరి ఉన్న చోట వేడినీళ్ల కాపడం పెట్టకండి, కాలినా తెలియదు. ఈ నొప్పికి డైక్లోఫెనాక్ అంతగా పనిచేయదు, డాక్టరు ప్రీగాబాలిన్ లాంటివి రాత్రిపూట తక్కువ మోతాదులో మొదలుపెడతారు. మొదటి వారం మత్తుగా ఉంటుంది, రాత్రి బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్లనివ్వకండి.

రోజూ వేసే డైక్లోఫెనాక్ నాకు ఎక్కువ భయం కలిగిస్తోంది. బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పని చెప్పే రక్తపరీక్ష) ఈ వారమే చూపించండి. గుండెకి యాస్పిరిన్ వాడుతుంటే కడుపులో రక్తస్రావం ముప్పు ఇంకా పెరుగుతుంది. కాలేయం బాగుంటే పారాసెటమాల్ 650 రోజుకి మూడు మాత్రల దాకా సురక్షితం. అయితే ఎసిక్లోఫెనాక్‌తో (ఇదీ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందే) కలిపి వచ్చే మాత్రల్లో కూడా 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటుంది, అదీ లెక్కలో వేసుకోవాలి.

కోత దగ్గర చీము కారినా, జ్వరంతో పాటు నొప్పి పెరిగినా, ఉన్నట్టుండి కాలు మోపలేకపోయినా, కాలు పొట్టిదై పక్కకి తిరిగినా, పిక్క వాచి గట్టిపడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పట్టు వేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి లాగించవద్దు.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు వారాలు ఒక కాగితం మీద రాసి పెట్టండి: నొప్పి చోటు, సమయం, పదికి ఎంత, అంతకు ముందు ఏం చేశారు. ఆపరేషన్ కాగితాల్లో ఇంప్లాంటు స్టిక్కర్లు అంటించి ఉంటాయి, కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు వాటి మీదే ఉంటాయి. అవి లేకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డు విభాగంలో రాతపూర్వకంగా అడగండి. కప్పులో తిరిగే బంతి, కప్పు రెండూ లోహంతో చేసిన రకమా అన్నది వాటితోనే తెలుస్తుంది. డీప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ అనే అలాంటి రకాన్ని 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అలాంటి లోహపు జత ఉన్నవాళ్లకి రక్తంలో కోబాల్ట్, క్రోమియం అనే లోహాలు ఎంత ఉన్నాయో కూడా చూడాలి.