డాక్టర్ సలహా: నాలుక కింద పెట్టే మాత్రను పెళ్లిలోపు మాన్పించొచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మా తమ్ముడికి 27 ఏళ్లు, జీడి ఫ్యాక్టరీలో బస్తాలు మోస్తాడు. నడుము నొప్పికని మెడికల్ షాపులో ఇచ్చిన ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన మాత్రలు రెండేళ్లు వాడాడు. రోజుకు రెండుతో మొదలై పద్నాలుగుకు చేరింది. మానితే ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు, కాళ్లు లాగడం. ఒకసారి బాత్రూంలో పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు, నీరసం అనుకున్నాం. స్నేహితుడు ఇచ్చిన నాలుక కింద మాత్ర ఒకసారి వేసుకుంటే గంటలోపే వాంతులు, వణుకు. మూడు వారాల కిందట విశాఖలో మానసిక వైద్యుడికి చూపిస్తే అదే మాత్ర, బూప్రినార్ఫిన్-నలోక్సోన్ 2 మి.గ్రా., రోజుకు మూడు రాశారు. ఇప్పుడు కుదురుగా ఉన్నాడు, పనికి వెళ్తున్నాడు. నిద్ర రావడం లేదని షాపులో అల్ప్రజోలం 0.5 తెచ్చుకుని రోజూ రాత్రి వేసుకుంటున్నాడు. మే నెలలో పెళ్లి. ఒక మత్తు పోయి ఇంకో మత్తు పట్టిందని బంధువులు అంటున్నారు. పెళ్లిలోపు ఆపాలంటే ఎలా తగ్గించాలి?
– ఒక అక్క, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగింది పెళ్లి గురించి. నేను ఆగింది మాత్రం రెండు చోట్ల: బాత్రూంలో కొట్టుకోవడం దగ్గర, రాత్రి అల్ప్రజోలం దగ్గర. ముందు వాటి సంగతి చూద్దాం.

బూప్రినార్ఫిన్ ఒక్కటే అయితే శ్వాసను అణచడంలో దానికి ఒక హద్దు ఉంది. డోసు పెరిగినా కొంత దాటాక ఊపిరి ఇంకా మందగించదు. అల్ప్రజోలమో, డయాజిపామో, మద్యమో తోడైతే ఆ హద్దు చెల్లదు. నిద్రలోనే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. మూడు వారాలుగా ఏమీ కాలేదు కదా అనకండి. ఏదో ఒక పెళ్లి భోజనంలో రెండు పెగ్గులు పడిన రాత్రి లెక్క వేరుగా ఉంటుంది.

అలాగని ఈ రాత్రే స్ట్రిప్పు తీసి పారేయకండి. రోజూ వేసుకుంటున్న అల్ప్రజోలం ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, పైగా ఇతనికి ఒకసారి వచ్చినట్టే ఉంది. రేపు పొద్దున్నే విశాఖ డాక్టరుకు ఫోన్ చేసి ఈ మాత్ర సంగతి చెప్పండి. ఎంతెంత, ఎన్ని రోజుల్లో తగ్గించాలో మనిషిని చూసిన వారే చెప్పాలి. అంతవరకు ఒక్క మాత్ర కూడా పెంచకూడదు, మద్యం చుక్క తాకకూడదు, రాత్రి ఆ గదిలో ఇంకొకరు పడుకోవాలి. గురక ఎన్నడూ లేనంత బరువుగా ఆగి ఆగి వస్తున్నా, నిమిషానికి ఊపిరి 10 కంటే తగ్గినా, పెదవులు నీలంగా మారినా, కుదిపి లేపినా లేవకపోయినా పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పి 108కి ఫోన్ చేయండి. మత్తు దిగుతుందని మజ్జిగ, నిమ్మరసం నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంబులెన్సు వాళ్లకు అతను వాడే రెండు మందుల పేర్లూ చెప్పండి.

నిద్రకు అలవాటు పడని మందులు వేరే ఉన్నాయి. ఇక్కడ పేరు రాస్తే సాయంత్రానికల్లా షాపులో అడుగుతారు, అందుకే రాయను. అల్ప్రజోలం, ట్రమడాల్ రెండూ షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ చూసి, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మాత్రలెన్నో రిజిస్టరులో ఎక్కించి, ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాల్సిన మందులు. 2018 ఏప్రిల్ నుంచి ట్రమడాల్ మత్తుమందుల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి కూడా వచ్చింది. అలాంటివి రెండేళ్లపాటు చేతికి అందాయంటే తప్పు షాపుదే. కాని అడగగానే ఇచ్చే షాపు దొరికిందని ఇంట్లో వాళ్లు సంతోషించిన రోజులు కూడా ఉండే ఉంటాయి.

ఇక ఫిట్స్. ఆ కలిపిన మాత్రలో సాధారణంగా ట్రమడాల్ 37.5 మి.గ్రా., పారాసెటమాల్ 325 మి.గ్రా. ఉంటాయి. పద్నాలుగుతో హెచ్చించి చూడండి: ట్రమడాల్ 525, పారాసెటమాల్ 4,550 మి.గ్రా. ట్రమడాల్ రోజుకు 400 దాటకూడదు, దాటేకొద్దీ ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. పారాసెటమాల్ హద్దు 4,000, అంటే కాలేయం కూడా దెబ్బ తినేంత. కాబట్టి బాత్రూంలో జరిగింది నీరసం కాకపోవచ్చు. ట్రమడాల్ వల్లే అని ఇక్కడ కూర్చుని తేల్చలేను, మూర్ఛకు వేరే కారణం లేదని పరీక్షించి చూడాలి. డాక్టరు సరే అనేదాకా బైకు నడపడం, కొబ్బరి చెట్టెక్కడం, సముద్రంలో, నూతిలో స్నానం వద్దు. ఈ సంగతి విశాఖలో చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పి ఉండరనే నా అనుమానం.

ఇంకో మాట, మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్క కాబట్టి. ట్రమడాల్ చాలావరకు మూత్రం ద్వారానే పోతుంది. కిడ్నీ బలహీనంగా ఉంటే ఒంట్లో పేరుకుంటుంది. కిడ్నీ పని బాగా తగ్గినవాళ్లకు రోజుకు 200 మి.గ్రా.కే ఆపుతాం. 27 ఏళ్లని రాశారు, బీపీ ఎంతో రాయలేదు. సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, కాలేయానికి ఎల్‌ఎఫ్‌టీ ఈ వారంలోనే చేయించండి. పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరు నుంచి ఉన్నాయి, దీనికోసం విశాఖ దాకా పోనక్కర్లేదు. బూప్రినార్ఫిన్ కాలేయంలో కరుగుతుంది, కిడ్నీ కోసం దాని డోసు మార్చాల్సిన పని మామూలుగా పడదు.

స్నేహితుడి మాత్రకు వాంతులు ఎందుకయ్యాయంటే, అది వేసుకున్న వేళ అలాంటిది. మెదడులో ట్రమడాల్ కూర్చునే చోటును బూప్రినార్ఫిన్ లాక్కుంటుంది. పట్టు గట్టిది, పని సగం. నిండుగా అలవాటైన ఒంటికి ఒక్కసారిగా సగమే అందేసరికి మూడు రోజుల బాధ గంటలోకి వచ్చి పడుతుంది. అందుకే ఆఖరి ట్రమడాల్ పడ్డాక కనీసం 12 గంటలు, వీలైతే 24 గంటలు ఆగి, ఆవలింతలు, చెమట, ఒంటి మీద గగుర్పాటు, కంటిపాప పెద్దదవడం చూశాకే మొదటి 2 మి.గ్రా. ఇస్తాం, ఓ గంటో రెండు గంటలో చూసి ఇంకొకటి. ఆ రోజు వేసుకున్నది మంచి మందే, తొందరపడి వేసుకున్నాడు. ఈ మాట అతనికి చెప్పండి, ఆ భయంతోనే కొందరు మధ్యలో వదిలేస్తారు.

బంధువుల మాటకు వస్తాను. బూప్రినార్ఫిన్ కూడా ట్రమడాల్‌లాగే ఓపియాయిడే, అంటే నల్లమందు తరహా మందే, ఆపితే ఒళ్లు అడుగుతుంది కూడా. అందులో దాచడానికేమీ లేదు. ఇంతకుముందు రోజుకు నాలుగైదు సార్లు ఎక్కి దిగే మత్తు, దాని వెంట పరుగు, ఫిట్స్ ఉండేవి. ఇప్పుడు రోజుకు ఒక వేళ మాత్ర, ఒకే స్థాయి, మత్తు లేదు, పని ఉంది. పైన ట్రమడాల్ వేసుకున్నా చోటు ఖాళీ లేదు కాబట్టి పెద్దగా ఎక్కదు. కలిపిన నలోక్సోన్ నాలుక కింద నుంచి పెద్దగా ఒంటికి పట్టదు. మాత్రను నూరి సూదిలో ఎక్కించుకునే ప్రయత్నం చేస్తేనే అడ్డుపడుతుంది, దాని పని అదే. పైగా ఈ మందు మామూలు మెడికల్ షాపులో అమ్మేది కాదు, డీఅడిక్షన్ కేంద్రాల ద్వారానే అందాలి. స్నేహితుడి చేతికి ఎలా వచ్చిందో నాకు అక్కర్లేదు, మీ ఇంట్లోంచి మాత్రం ఎవరి చేతికీ పోకూడదు. తాళం వేసిన పెట్టెలో పెట్టండి. చిన్నపిల్లలు ఒక్క మాత్ర చప్పరించినా ప్రాణం మీదికి వస్తుంది.

మే నెలలోపు ఆపడం గురించి: వద్దు. కొన్ని వారాల్లో ఆపేసినవాళ్లలో ఎక్కువమంది తిరిగి పాత మాత్రకే వెళ్తారు. అప్పటికి ఒంటికి పాత తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, పాత లెక్కన పద్నాలుగు ఒకేసారి వేసుకుంటే ఆ పూటే ఆఖరిది కావచ్చు. కనీసం ఏడాది నిలకడగా ఉన్నాక తగ్గించే మాట ఎత్తుతాం, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. తగ్గించేటప్పుడు కూడా 6 మి.గ్రా. నుంచి 4కు, నాలుగు నుంచి 2కు రావడం ఒక ఎత్తు, ఆ ఆఖరి 2 దాటడం ఒక్కటీ ఒక ఎత్తు. అక్కడ 0.4 మి.గ్రా. మాత్రలతో మెట్టుకు కొన్ని వారాలు ఆగుతూ దిగాలి. నాల్ట్రెక్సోన్ అనే ఇంకో దారి ఉంది, మత్తు గుణం అసలు లేని మందు. దానికి వారం, పది రోజులు ఒంట్లో ఏ ఓపియాయిడూ లేకుండా ఉండాలి, కాలేయం బాగుండాలి, రోజూ ఇంట్లో ఒకరు ఎదురుగా నిలబడి వేయించాలి. ఇప్పుడే దానికి మారమని నేను అనను.

పెళ్లివారికి చెప్పాలా అన్నది వైద్యం కాదు. వచ్చే అమ్మాయికి తెలియకుండా రోజూ పది నిమిషాలు నాలుక కింద మాత్ర పెట్టుకోవడం ఎలా కుదురుతుందో మీరే ఆలోచించండి. దాచడం కోసం డోసులు ఎగ్గొట్టడం మొదలవుతుంది, నా భయమంతా అక్కడే. ట్రమడాల్‌తో తగ్గిన మగతనం గురించి అతనికి లోపల దిగులుంటే డాక్టరును ఒంటరిగా అడగమనండి, చాలామందికి కుదుటపడుతుంది.

మాత్ర వేసుకునే తీరు చాలామంది తప్పు చేస్తారు. ఒక గుక్క నీళ్లతో నోరు తడుపుకుని మూడు మాత్రలూ నాలుక కింద పెట్టాలి. కరగడానికి అయిదు నుంచి పది నిమిషాలు. ఆలోగా మాట్లాడొద్దు, ఉమ్మి మింగొద్దు, నీళ్లు తాగొద్దు. మింగేస్తే చాలా భాగం వృథా, అప్పుడు డోసు చాలడం లేదంటూ వస్తారు. ఖైనీ, గుట్కా దవడన ఉంటే ముందు పుక్కిలించాలి. పూర్తిగా కరిగాక నీటితో పుక్కిలించి మింగాలి, బ్రష్ మాత్రం గంట తర్వాతే, లేకపోతే పళ్ల పింగాణీ అరుగుతుంది. ఒక రోజు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఆ రోజుది వేసుకోవాలి, రెండు రోజులది కలపకూడదు. నాలుగైదు రోజులు తప్పితే పాత డోసుతో సొంతంగా మొదలుపెట్టకుండా ఫోన్ చేయాలి.

మలబద్ధకం దాదాపు అందరికీ ఉంటుంది. ఇసబ్‌గోల్, నీళ్లు చాలు. మెగ్నీషియం ఉన్న తెల్ల సిరప్ క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా వద్దు. టీబీ మందులు, ముఖ్యంగా రిఫాంపిసిన్, ఎప్పుడైనా మొదలుపెడితే ఈ డాక్టరుకు చెప్పాలి, బూప్రినార్ఫిన్ పట్టు తగ్గిపోతుంది.

అసలు రోగం నడుము నొప్పి, దాన్ని అందరూ మరిచారు. 80 కిలోల పిక్కల బస్తా మళ్లీ వీపు మీదికెత్తితే ఏ మాత్రా ఆగదు. వీలైతే గ్రేడింగు, ప్యాకింగు పనికి మార్పించండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ షాపులో కొనొద్దు, కిడ్నీ కోసం. రోజుకు ఒకేసారి వేసుకునే 6 మి.గ్రా.ను మూడు పూటలకు 2 చొప్పున విడగొడితే నొప్పికి కూడా పనిచేస్తుందా అని విశాఖ డాక్టరును అడగండి. కొందరికి అలా మారుస్తాం, కాని వారు చెప్పకుండా మార్చొద్దు.

విశాఖ తిరగడం భారమైతే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు, ఈ మందు ఇస్తున్నారో లేదో ముందే కనుక్కోండి. టోల్‌ఫ్రీ 14446కు ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రం చెబుతారు. వచ్చేసారి వెళ్లినప్పుడు అల్ప్రజోలం స్ట్రిప్పు, మిగిలిన ట్రమడాల్ ఉంటే అదీ, రక్తపరీక్షల కాగితాలు ఒకే సంచిలో వేసి తీసుకెళ్లండి. ఫిట్స్ వచ్చిన తేదీ, ఎన్ని నిమిషాలు కొట్టుకున్నాడు, నాలుక కొరుక్కున్నాడా, ఆ రోజు ఎన్ని మాత్రలు పడ్డాయి, ఇవి కాగితం మీద రాసి ఇవ్వండి.