వెల్లకిలా పడుకోగలడా?

చిరంజీవి స్వాతికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు థొరాసిక్ సర్జరీలో చేరుతున్నావనీ, మొదటి పోస్టింగే ఛాతీ ముందు భాగంలో గడ్డల కేసులు ఎక్కువ చూసే యూనిట్‌లో పడిందనీ అక్క ఫోన్లో చెప్పింది. కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నేను సర్జన్‌ని కాను కదమ్మా, మత్తు డాక్టర్ని. నువ్వు కత్తి పట్టాక జరిగేదానికంటే, అంతకుముందు జరిగేదంటేనే నాకు భయం.

పుస్తకాల్లో ఉన్నవి గబగబా చెప్పేస్తాను. రొమ్ము ఎముక వెనక గడ్డ కనిపిస్తే ముందుగా తలచుకోవాల్సినవి థైమోమా (థైమస్ గ్రంథిలో పుట్టే గడ్డ), లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్), జెర్మ్ సెల్ ట్యూమర్ (బీజకణాల గడ్డ), మెడ నుంచి కిందికి దిగిన థైరాయిడ్. కాంట్రాస్ట్‌తో సీటీ తప్పదు. సీటీలో గట్టి గడ్డలా కనిపించేది ఒక్కోసారి ఎమ్మారైలో ఉత్త నీటితిత్తి అని తేలుతుంది, ఆపరేషనే తప్పిపోతుంది. కుర్రవాడైతే, జెర్మ్ సెల్ ట్యూమర్‌ని పట్టించే రక్తపరీక్షలు ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ రిపోర్టులు చూడకుండా ముందుకు వెళ్లకు, వృషణాలు పరీక్షించడం మర్చిపోకు. అవి బాగా పెరిగి ఉంటే ముందు కీమో, మిగిలిన గడ్డను తీయడం ఆ తర్వాత.

లింఫోమాని నయం చేసేది మందులే. నీ పని పాథాలజిస్టుకి సరిపడా ముక్క ఇవ్వడం. సన్న సూదితో లాగిన కాసిని కణాలు చాలవు. ఆయాసం చూసి టెన్షన్ పడి ముందే స్టెరాయిడ్ ఇచ్చేస్తే, తర్వాత తీసిన ముక్కలో ఏ జబ్బో తేలకపోవచ్చు. ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ పని చేయనివ్వకు.

థైమోమా అంచులు చక్కగా ఉండి, మొత్తం తీసేయగలిగేలా కనిపిస్తే ముందు సూది పొడవక్కర్లేదు. కవచం చిట్లకుండా థైమస్‌తో సహా తీయాలి. చిట్లితే ఆ కణాలు ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ప్లూరా పొర మీద పడి, ఏళ్ల తర్వాత మొలకెత్తుతాయి. ఊపిరికి డయాఫ్రమ్‌ని కదిలించే ఫ్రెనిక్ నరాలు రెండూ ఎక్కడున్నాయో ముందే చూసుకో.

థైమోమా అనుమానం ఉన్న ప్రతి మనిషిలోనూ మయస్థీనియా (వాడేకొద్దీ కండరాలు నీరసించే జబ్బు) కోసం వెతుకు. ఇలాంటి వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ మందికి, అది ఉంటుంది. సాయంత్రానికి కనురెప్పలు వాలుతున్నాయా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, మింగడం కష్టంగా ఉందా అని అడుగు. కళ్లు పైకెత్తి ఒక నిమిషం అలాగే చూడమను, రెప్ప మెల్లగా దిగడం నీ కళ్లతోనే చూస్తావు. ఏ లక్షణమూ లేకపోయినా యాంటీబాడీ పరీక్ష పంపు. అమెరికన్ సర్జన్ ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ మయస్థీనియా ఉన్న అమ్మాయికి థైమస్ గడ్డ తీసి, ఆమె కోలుకున్న సంగతి 1939లో రాశాడు. ఇన్నేళ్లయినా, జబ్బు పట్టుకోకుండా మత్తిచ్చి, తర్వాత వెంటిలేటర్ తీయలేక తంటాలు పడేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇక అసలు సంగతి. నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒక అబ్బాయిని మెడ గడ్డ బయాప్సీకి తెచ్చారు. ఎక్స్‌రేలో ఛాతీ సగం తెల్లగా ఉంది. కుర్చీలో కూర్చుని నవ్వుతూ మాట్లాడుతున్నాడు. కేస్ షీట్‌లో ‘ఆయాసం లేదు’ అని రాసి ఉంది. చిన్న పనే కదా అని పెద్ద సర్జన్ పూర్తి మత్తు అడిగారు, మా సీనియర్ సరే అన్నారు. వెల్లకిలా పడుకోబెట్టి, మత్తిచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చారు. ట్యూబ్ సులువుగానే దిగింది. బ్యాగ్ నొక్కితే మాత్రం గోడను నొక్కినట్టే ఉంది. గాలి పోలేదు.

ఎందుకో నీకు తెలుసు, అయినా చెప్తాను. మనిషి సొంతంగా ఊపిరి తీసుకుంటున్నంతసేపూ ఆ లాగుడే శ్వాసనాళాన్ని తెరిచి ఉంచుతుంది. కండరాలు సడలగానే గడ్డ బరువంతా నాళం మీద, పెద్ద రక్తనాళాల మీద పడుతుంది. నొక్కుకుపోయిన చోటు ట్యూబ్ కొసకి ఇంకా కిందే ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఎవరో ‘పక్కకి తిప్పండి’ అని అరిచారు. పక్కకి తిప్పి, రిజిడ్ బ్రాంకోస్కోప్ (శ్వాసనాళంలోకి దించే గట్టి లోహపు గొట్టం) ఆ ఇరుకు దాటించాక ఛాతీ కదిలింది. పిల్లాడు బతికాడు. లింఫోమా అని తేలింది, కీమోతో గడ్డ కరిగిపోయింది.

తర్వాత వాళ్లమ్మ చెప్పింది, కొన్నాళ్లుగా మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాడట. ఎవరూ అడగలేదు! మెడలో చేతికి తగిలే గడ్డను కూర్చోబెట్టి, లోకల్ మత్తుతో తీయొచ్చు. పూర్తి మత్తే అక్కర్లేదు.

అందుకే చెప్తున్నాను. రాత్రి ఎలా పడుకుంటున్నారో నువ్వే అడుగు, జూనియర్ రాసింది చదివి ఊరుకోకు. నీ ఎదుటే వెల్లకిలా పడుకోబెట్టి చూడు. ముఖం, మెడ ఉబ్బి ఉంటే గడ్డ పైభాగపు పెద్ద సిరను నొక్కుతోందేమో, సెలైన్ సూది కాలికి పెట్టించు. ‘ఈ కేసుకి కండరాలు సడలే మందు ఇవ్వను, మెలకువగానే చేద్దాం’ అని మత్తు డాక్టర్ అంటే ముఖం మాడ్చుకోకు. చిన్నప్పటి నుంచీ నీకు తొందరెక్కువ, ఎవరైనా ఆగమంటే అలుగుతావు. ఆ అలక మా ఇంట్లో చెల్లింది తల్లీ, థియేటర్లో చెల్లదు. నీ చేతులు మంచివి, అది నాకు తెలుసు. చెవులు కూడా అంత మంచివి కావాలని నా కోరిక.

పెద్ద గడ్డ కేసు మొదటిసారి లిస్టులో పడిన రోజు, ఏ వేళైనా సరే ఫోన్ చెయ్యి. సీటీ ఫొటోలు తర్వాత పంపుదువుగాని, మనిషి పడుకోగలుగుతున్నాడో లేదో ముందు చెప్పు. ఏమీ తినకుండా డ్యూటీకి వెళ్లకు.

మావయ్య