సమాధానం: స్కైడైవింగ్‌లో దూకే ముందు పారాచూట్ గేర్ ఎలా చూసుకోవాలి?
ఇన్‌స్ట్రక్టర్ చూశాక మళ్లీ నేనెందుకు చూడాలని, టెన్షన్‌లో ఏదో ఒకటి మర్చిపోతున్నానని రాశారు. ఆయన చూసినా మీరూ చూడాలండి. తొడుక్కునే ముందు, విమానం ఎక్కే ముందు, దూకే ముందు, మూడుసార్లు.

గుర్తుండాలంటే మూడేసి చొప్పున పట్టుకోండి: ఒక్కో భుజం దగ్గర మూడు రింగులు (మెయిన్ పారాచూట్‌ను పట్టి ఉంచేవి), మూడు హ్యాండిళ్లు, అంటే మెయిన్ (ప్రధాన పారాచూట్ తెరిచేది), కటవే (సరిగా తెరుచుకోని మెయిన్‌ను వదిలించేది), రిజర్వ్ (అత్యవసర పారాచూట్ తెరిచేది), ఛాతీకి ఒకటి, కాళ్లకు రెండు పట్టీలు. ఛాతీ పట్టీ దగ్గర మాత్రం తొందరపడొద్దు. బకిల్‌లో తప్పుగా దూర్చినా పైకి బాగానే కనిపించొచ్చు, పారాచూట్ తెరుచుకునే కుదుపుకి జారిపోతుంది. పారాచూట్ సంచిని మూసి ఉంచే వీపు మీది పిన్నులు మీకు కనిపించవు, పక్కవాళ్లను అడగండి, మొహమాటం వద్దు. ఏఏడీ (మీరు తెరవలేకపోతే రిజర్వ్‌ను దానంతటదే తెరిచే పరికరం) ఆన్‌లో ఉందో లేదో నేల మీదే చూడండి. అమెరికాలో అయితే రిజర్వ్ ప్యాక్ చేసి 180 రోజులు దాటకూడదు.

మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి చూడండి.