ఓనరు కూలర్ తీసి మా ఏసీ పెట్టుకుంటే, అది ఇంటిదైపోతుందా?

ప్రశ్న: మేం నాలుగేళ్లుగా అద్దెకుంటున్న ఇంట్లో కిటికీకి ఓనరుగారు బిగించిన కూలర్ ఉంది. ఆ తేమకు మా అమ్మకి ఆయాసం ఎక్కువవుతోంది. దాన్ని తీసేసి మా డబ్బుతో స్ప్లిట్ ఏసీ పెట్టుకుంటామంటే, "పెట్టుకోండి, కానీ గోడకు బిగించింది ఇంటిదే. ఖాళీ చేసేటప్పుడు వదిలి వెళ్లాలి" అంటున్నారు. ఇది న్యాయమేనా?

జవాబు: చట్టం ఆ మాట అనడం లేదు. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోని 108వ సెక్షన్, హెచ్ క్లాజు ప్రకారం అద్దెదారు తాను బిగించుకున్న వాటిని విప్పి తీసుకుపోవచ్చు. అద్దె గడువు ముగిశాక కూడా తీసుకుపోవచ్చు. కాకపోతే ఇల్లు ఇంకా తన స్వాధీనంలో ఉండగానే ఆ పని చేయాలి, చేరినప్పుడు ఇల్లు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. చాలామంది నష్టపోయేది ఈ "స్వాధీనం" దగ్గరే. వచ్చే వారం మెకానిక్‌ని తెచ్చుకుంటామని చెప్పి తాళాలు ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఈ క్లాజు అక్కరకు రాదు. మీరు మాత్రం ముందు ఏసీ విప్పించి, ఆ తర్వాతే తాళం ఇవ్వండి.

ఒక మెలిక ఉంది. ఒప్పందంలో వేరేలా రాసుకుని ఉంటే ఆ రాతే చెల్లుతుంది. బిగించినవన్నీ యజమానికే చెందుతాయన్న వాక్యం మీ అద్దె పత్రంలో ఉందేమో ఈ రోజే చూడండి. లేకపోయినా ధీమాగా ఉండొద్దు. ఆయన షరతు విని కూడా మీరు ఏమీ అనకుండా ఏసీ పెట్టేస్తే, ఒప్పుకునే పెట్టారని రేపు వాదించగలరు. ఈ మౌనం వల్లే గట్టి కేసులు కూడా బలహీనపడతాయి.

కూలర్ మాత్రం ఆయనదే. అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి. ఫొటో తీసి, ఆయనకే అప్పగించి, ముట్టినట్టు రాయించుకోండి. పైపు కోసం గోడకు రంధ్రం వేయడానికి ముందుగా అనుమతి తీసుకోండి. అపార్ట్‌మెంట్ అయితే బయటి గోడ అందరిదీ కనుక అసోసియేషన్‌నూ అడగాలి.

కరెంటు సంగతి తేలిగ్గా తీసుకోకండి. కూలర్‌కు రెండొందల వాట్లు చాలు, టన్నున్నర ఏసీ సుమారు పదిహేను వందలు లాగుతుంది. మంజూరైన లోడు, అంటే ఆ కనెక్షన్‌కు అనుమతించిన కరెంటు పరిమితి, దాటి వాడితే అది విద్యుత్ చట్టం, 2003లోని 126వ సెక్షన్ కింద అనధికార వాడకమేనని 2011లో సీతారాం రైస్ మిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీటరు ఓనరుగారి పేరున ఉంటే నోటీసు వచ్చేదీ ఆయనకే. కాబట్టి లోడు పెంపు దరఖాస్తు ఆయన చేతే పెట్టించండి, ఆ ఖర్చు మీరు భరిస్తామనండి. ఆయన మెత్తబడటానికి కూడా ఇది పనికొస్తుంది.

ఏసీ కొనకముందే ఆయనకు ఈ సందేశం పంపి, జవాబు వచ్చేదాకా ఆగండి: "అమ్మ ఆరోగ్యం కోసం మా ఖర్చుతో ఏసీ పెట్టుకుంటున్నాం. అది మాదే. ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని, రంధ్రం పూడ్పించి, రంగు వేయించి ఇస్తాం. మీ కూలర్ మీకు అప్పగిస్తున్నాం. మీకు సమ్మతమేనని జవాబివ్వగలరు."